మార్చిలో రాసిన ఏప్రిల్ కూలి

ప్రొద్దుటూరులో అబ్దుల్ సత్తార్ సాబ్ దగ్గర లెక్కలు రాయించుకునే వాళ్ళకు ఆయన మీద ఒక పాత ఎకసెక్కం ఉంది. పుస్తకంలో తేదీ వేయాలంటే ఆయన మిద్దె ఎక్కి నెలవంకను చూసి రావాలట. కనపడితే వేస్తాడు, మబ్బు పట్టిందా, రేపు చూద్దామంటాడు. ఈ మాట ఆయన ముందరే అంటారు, ఆయనా నవ్వి ఊరుకుంటాడు. అరవై ఆరేళ్ళ మనిషి. ఉతికిన తెల్లచొక్కా, జేబులో మూడు పెన్నులు, బంగారంగళ్ళ వెనక సందులో ఇంటి ముందరి గదే ఆఫీసు. కంప్యూటర్ ఉంది కానీ ముందు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే దాంట్లోకి ఎక్కిస్తాడు.

ఆయన ఎప్పుడూ ఇంత నిక్కచ్చిగా ఉన్నాడని నేను చెప్పను. ఒక్కసారి ఉండలేదు. ఆ ఒక్కసారి గురించే ఇదంతా.

ఆ సంగతి మళ్ళీ కదిలింది రెండు వేల ఇరవై నాలుగు, మార్చి ముప్పై ఒకటి, ఆదివారం. లెక్కల ఏడాదికి ఆఖరి రోజు. రంజాన్ ఉపవాసాల రోజులు. పులివెందుల నుంచి షాకీర్ అనే పండ్ల వ్యాపారి మోటార్ సైకిల్ మీద పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. నలభై ఏళ్ళవాడు, మాట దురుసు, మనసులో ఏమీ ఉంచుకోడు. చీనీకాయలు, అదే బత్తాయిలు, అరటికాయలు రైతుల దగ్గర కొని ఢిల్లీకి పంపుతాడు. ఢిల్లీ సేటు ఒకాయన రాబోయే నెలలో పంపే కాయకు ముందుగానే ఎనిమిది లక్షలు బ్యాంకులో వేశాడు. దాన్ని ఈ ఏటి అమ్మకంగా రాసెయ్యమని షాకీర్ కోరిక. అమ్మకం ఎక్కువగా కనపడితే లారీకి అప్పు పుడుతుంది.

"కాయ యాడుంది?" అన్నాడు సత్తార్.

"యాడుంటాది సాబ్, చెట్టు మీద ఉండాది."

"అయితే దుడ్లు నీవి కాదు."

"నా బ్యాంకులో ఉండాయి గదా!"

"ఉంటే నీవి అయిపోతాయా? ఆయప్ప నీ దగ్గర దాచుకున్నాడు, అంతే. చెట్టు మీద ఉన్నంతసేపు ఆ కాయ రైతుది కాదు, నీది కాదు, సేటుది కాదు. వడగండ్లది. కోసి, కాటా వేసి, లారీకి ఎక్కించి పంపిన దినం అది అమ్మకం. ఆ దినం వరకు ఈ ఎనిమిది లక్షలు నువ్వు ఆయనకు బాకీ."

"పోనీ, కోత కూలికి నిన్న ముందుగానే ఇచ్చినాను. అదన్నా ఖర్చు కింద రాస్తావా?"

"అదీ రాయను. ఆ కూలి ఏ కాయకో ఆ కాయ పక్కన కూర్చోవల్ల. వచ్చింది ఒక ఏట, దానికి పెట్టింది ఇంకో ఏట రాసుకుంటే నీకు మిగిలిందో పోయిందో నీకే తెలీదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటాది నీ యవ్వారం."

షాకీర్ నెలవంక మాట అని, నవ్వి లేచాడు. గడప దాటబోతూ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"ఇంగో మాట సాబ్. నువ్వు జమ్మలమడుగు కాడ నిర్మలమ్మ బండల ఫ్యాక్టరీలో చేసినావు గదా. ఆడ ఖలందర్ అని హమాలీ ఉండెనంట, ఇప్పుడు ఒక కాలు లేదు. మా ఊర్లోనే అత్తగారింటి కాడ ఉంటాండాడు. నా షెడ్డులో కాటా కాడ కూర్చుని తూకాలు రాస్తానని అడుగుతాండాడు. చూస్తే నెమ్మదస్తుని మాదిరే ఉండాడు. కానీ తాగి బండల మీద పడి కాలు పోగొట్టుకున్నాడంట, మల్ల ఫ్యాక్టరీ మీద దొంగకేసు వేస్తే కొట్టేసినారంట. అట్లాంటోన్ని కాటా కాడ కూర్చోబెడితే నా కొంప మునగదా? నీకు తెలిసుంటాది. చెప్పు."

సత్తార్ చేతిలోని పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"ఎల్లుండి నీ షెడ్డు కాడికి నేనే వస్తా. ఆడ చెప్తా," అన్నాడు చివరికి.

"ఒక్క మాటకు అంత దూరం ఎందుకు సాబ్? ఉపవాసం మీద."

"వస్తాలే. నేనొచ్చేదాకా ఆ మనిషికి లేదని చెప్పొద్దు."

షాకీర్ వెళ్ళాక సత్తార్ తలుపు దగ్గరగా వేసి, కుర్చీ జరిపి, బీరువా పైనున్న గోనెసంచి దించాడు. అందులో దినానికో పేజీ చొప్పున లెక్కలు రాసే ఒక అట్టల పుస్తకం ఉంది. నిర్మలమ్మ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు పాత పుస్తకాలన్నీ చిత్తుకాగితాల వాడికి పోయాయి. ఇదొక్కటే అడిగి తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చుకున్నావని ఎవరూ అడగలేదు. తెచ్చిన రోజు నుంచి తెరవలేదు.

జమ్మలమడుగు రోడ్డులో నిర్మలమ్మది నాపరాళ్ళకు నునుపు పెట్టే పాలిష్ ఫ్యాక్టరీ. పెద్దముడియం దగ్గర భూములున్న ఇల్లు వాళ్ళది. భర్త గుండెపోటుతో పోతే, పొలం తాకట్టు పెట్టి తెచ్చిన మిషన్లు ఆమె మీద పడ్డాయి. చీర కొంగు నడుముకు చుట్టి రాతిదుమ్ములో తిరిగి ఫ్యాక్టరీ నిలబెట్టింది. పనివాళ్ళ ఇళ్ళల్లో జ్వరమొస్తే ఆటో పంపేది. ఆమె చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషే అయ్యుంటే సత్తార్‌కు ఈ ఎనిమిదేళ్ళూ ఇంత బరువుగా ఉండేది కాదు, తప్పంతా ఆమె నెత్తిన పెట్టి పడుకునేవాడు.

రెండు వేల పదహారు, మార్చి ముప్పై ఒకటి, గురువారం. ఏడాది అమ్మకం కోటి రూపాయలు దాటితేనే బ్యాంకు మళ్ళీ అప్పు ఇస్తానంది. మధ్యాహ్నానికి సత్తార్ లెక్క తీస్తే మూడు లక్షలు తక్కువ పడింది. మద్రాసు వ్యాపారికి రెండు లోడ్ల బండలు సిద్ధంగా ఉన్నాయి, కానీ లారీలు రాలేదు. మర్నాడు శుక్రవారం, హమాలీలందరూ తురకలు, దూదేకులు, నమాజు రోజున లోడింగుకు రారు. లారీలొచ్చేది శనివారమే.

నిర్మలమ్మ ఆయన బల్ల ముందు నిలబడింది.

"సత్తార్ సాబూ, బిల్లులు ఈ పొద్దే రాసెయ్. బండలు యాడికీ పోవు. రెండు దినాలు తేడా, అంతే గదా."

"సరుకు గేటు దాటకుండా అమ్మకం రాయకూడదమ్మా."

"తెలుసు. నీకు తెలిసిందే నాకూ తెలుసు. బ్యాంకోడు అప్పు ఇయ్యకుంటే వచ్చే నెల నలభై ఇండ్లల్లో పొయ్యి వెలగదు. నువ్వే చెప్పు, ఏం చేద్దాం."

ఆయన పందొమ్మిదేళ్ళు ఆ ఇంటి ఉప్పు తిన్నాడు. రెండు బిల్లులు ముప్పై ఒకటో తేదీతో రాశాడు. గేటు పుస్తకంలో రెండు లారీలు బయటకు పోయినట్టు వాచ్‌మన్ చేత రాయించాడు. కోటి దాటింది. నిర్మలమ్మ చేతులు జోడించి లోపలికి వెళ్ళింది.

అంతటితో ఆగి ఉంటే ఈ పుస్తకం ఆయన బీరువా ఎక్కేది కాదు. ఆగలేదు. అమ్మకం మార్చిలో ఉంది, ఆ బండలు ఎత్తిన హమాలీ కూలి ఏప్రిల్‌లో ఉంటే ఎట్లా? ఏ ఆదాయానికి ఏ ఖర్చో దాని పక్కనే ఉండాలని ఆయన చదువు. రేపు ఎవరైనా తనిఖీకి వచ్చి, మార్చిలో పోయిన లోడుకు ఏప్రిల్‌లో కూలి ఏమిటని అడిగితే గుట్టు బయటపడుతుంది. అదీ ఒక భయం. కానీ భయం కంటే ముందు, ఆ రెండూ వేరువేరు నెలల్లో ఉండడం ఆయన కంటికే బాగోలేదు. కూలి సంగతి నిర్మలమ్మ అడగలేదు. అది సత్తార్ సొంత తెలివి. అబద్ధం రాసినా అందంగా రాయాలనుకున్నాడు, ఇంత చదువు ఎందుకు చదివాడో!

సాయంత్రం నలుగురు హమాలీలను పిలిచాడు. మేస్త్రీ అన్సర్, ఇంకో ఇద్దరు, ఖలందర్. శనివారం చేయబోయే లోడింగుకు ఇప్పుడే కూలి ఇస్తానన్నాడు. మనిషికి తొమ్మిది వందలు. పని చేయకముందే కూలి చేతికొస్తే ఎవరు వద్దంటారు? నవ్వుకుంటూ వరసగా నిలబడ్డారు.

ఖలందర్‌కు అప్పుడు ముప్పై రెండేళ్ళు. దూదేకుల ఇంటి బిడ్డ. ఐదో తరగతి చదివాడు కాబట్టి వేలిముద్ర వేయడు, సంతకం చేస్తాడు. పేరు మొత్తం ఒక్కో అక్షరం విడివిడిగా, నాలుక కొరుక్కుంటూ రాస్తాడు. ఓచర్ మీద తేదీ చూశాడు.

"ముప్పై ఒకటి అని ఉండాది సాబ్. మేము ఎత్తేది శనివారం గదా."

"దుడ్లు ఇచ్చేది ఈ పొద్దు గదప్పా. సంతకం పెట్టు."

"నువ్వు చెప్పినాక ఇంకేముంది సాబ్," అని పెట్టాడు.

శనివారం, ఏప్రిల్ రెండు. మొదటి లారీ పదింటికి వచ్చింది. బండలను లారీలో పండబెట్టరు, అంచు మీద నిలబెట్టి, కదలకుండా మధ్యలో కట్టెచీలికలు కొడతారు. సగం నిండాక ఒక చీలిక ఊడింది. వరస మొత్తం ఒరిగింది. ముగ్గురు దూకారు. ఖలందర్ దూకాడు కానీ కుడికాలు లారీ లోపలే ఉండిపోయింది.

సత్తార్ ఆఫీసు గదిలోంచి పరుగెత్తాడు. బండలు జరిపి మనిషిని తీసి, నిర్మలమ్మ కారులో వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చింది ఆయనే. దారి పొడవునా ఖలందర్ అరవలేదు. "సాబ్, కాలు ఉండాదా?" అని మాత్రం మూడుసార్లు అడిగాడు. ఉంది ఉంది అన్నాడు సత్తార్.

ఆసుపత్రిలో నర్సు కాగితం పట్టుకుని, దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగింది. ఫ్యాక్టరీలో లోడింగ్ చేస్తూ అనాలి. సత్తార్ కళ్ళ ముందు గేటు పుస్తకం కనపడింది. ఆ పుస్తకంలో లారీలు రెండు రోజుల కిందటే వెళ్ళిపోయాయి. లేని లారీలో లోడింగ్ ఏమిటి?

"ఇంటి దగ్గర. పేర్చిన బండలు మీద పడినాయి," అన్నాడు.

ఆమె రాసుకుంది. ఆ సాయంత్రం మోకాలి కింద కాలు తీసేశారు.

ఇంటి దగ్గర పేర్చిన బండలు నిటారుగా నిలబడ్డ మనిషి మీద ఊరికే పడతాయా? తాగి వాటి మీద తూలి ఉంటాడని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు. అబద్ధానికి కాళ్ళు లేకపోతే జనమే ఎత్తుకు తిరుగుతారు. ఖలందర్ జన్మలో కల్లు ముట్టినవాడు కాదు.

పనివాళ్ళకు నిర్మలమ్మ ఇన్సూరెన్స్ కట్టింది. పనిలో ఉండగా కాలు పోతే ఆరు లక్షల డెబ్బై వేలు రావాలి. ఇన్సూరెన్స్ వాళ్ళ మనిషి వచ్చి పుస్తకాలు చూసి, ఆ రోజు లోడింగే లేదని రాసుకుపోయాడు. ఖలందర్ భార్య అఖ్తర్ బీ ఎవరో చెప్తే వకీలును పట్టుకుని, కార్మికుల పరిహారం కేసులు వినే అధికారి ముందు కడపలో కేసు వేసింది.

విచారణకు ముందురోజు నిర్మలమ్మ సత్తార్ ఇంటికి వచ్చింది. ఎన్నడూ రానిది, గడప లోపల చాప మీద కూర్చుంది.

"నిజం చెప్తే బ్యాంకోడు దొంగలెక్కలని అప్పు మొత్తం ఒకేసారి కట్టమంటాడు. ఫ్యాక్టరీ పోతాది. నేను ఖలందర్‌ను ఇడిసిపెట్టను సాబూ. నెలనెలా ఇస్తా. నా బిడ్డ మాదిరి చూసుకుంటా. నువ్వు ఎట్ల చెప్తావో నీ ఇష్టం," అంది. ఏడ్చింది కూడా. ఆ ఏడుపు దొంగేడుపు కాదు.

మర్నాడు అధికారి ముందు అన్సర్ లేడు, అప్పటికే కువైట్‌కు పోయాడు. మిగతా ఇద్దరూ గుర్తులేదు సార్ అన్నారు. వాళ్ళకూ పిల్లలున్నారు, వాళ్ళ సంతకాలూ అదే ఓచర్ మీద ఉన్నాయి. అధికారి ఖలందర్‌కు ఓచర్ చూపించాడు. సంతకం నీదేనా? నాదే సార్. తేదీ ముప్పై ఒకటి కదా? అవును సార్. మరి రెండో తేదీ ఏ లారీకి ఎత్తావు?

ఖలందర్ చంకకర్రల మీద నిలబడి చుట్టూ చూసి, సత్తార్‌ను చూశాడు. మొహం తేటపడింది.

"ఆడ సత్తార్ సాబ్ ఉండాడు సార్. ఆయనను అడగండి. ఆయన ఏ దినానిది ఆ దినంలోనే రాస్తాడు."

అధికారి అడిగాడు. ఏప్రిల్ రెండున లోడింగ్ జరిగిందా?

"పుస్తకంలో లేదు సార్," అన్నాడు సత్తార్.

జరగలేదు అనలేదు. బస్సులో పోతూ ఈ రెండు మాటలూ తయారుచేసుకున్నాడు. అబద్ధం కాదు, నిజంగానే పుస్తకంలో లేదు. దేవుడి ముందు కూడా నిలబడుతుందనుకున్నాడు. నిలబడదని ఖలందర్ మొహం చూశాక తెలిసింది. కోపం రాలేదు ఆ మొహంలో. ఏదో అర్థంకాని లెక్క చూసినట్టు, కాసేపు అట్లాగే చూసి తల వంచుకున్నాడు. కేసు కొట్టేశారు. అధికారిది తప్పేమీ లేదు, ఆయన ముందున్న పుస్తకం అంత బాగా రాసి ఉంది.

నిర్మలమ్మ మాట తప్పలేదు. పద్నాలుగు నెలలు మూడేసి వేలు పంపింది. ఆ తర్వాత జనమంతా టైల్స్ వేసుకోవడం మొదలుపెట్టారు, నాపబండ అడిగేవాడు లేడు. రెండు వేల పంతొమ్మిదిలో ఫ్యాక్టరీకి బ్యాంకు తాళం వేసింది. దేని కోసం ఒక మనిషి కాలు పుస్తకంలోంచి కొట్టేశారో అది కూడా మిగల్లేదు. ఖలందర్ సంసారం ఎత్తుకుని పులివెందులలో అత్తగారింటికి పోయాడు. ఒక వకీలును సత్తార్ చాటుగా అడిగాడు. పై కోర్టుకు పోయే గడువు ఎప్పుడో దాటిపోయింది సాబ్ అన్నాడాయన.

అప్పటి నుంచే సత్తార్ నెలవంక మనిషి అయ్యాడు. ఒక రోజు అటూఇటూగా తేదీ వేయమంటే లేచి వెళ్ళిపోతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు దీన్ని. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

ఏప్రిల్ రెండు, మంగళవారం మధ్యాహ్నం, ఆ అట్టల పుస్తకం సంచిలో పెట్టుకుని ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉపవాసం మీద నాలుక అంగిటికి అంటుకుంటోంది. పులివెందులలో దిగి షెడ్డుకు నడిచేసరికి ఆరు కావొచ్చింది. రేకుల షెడ్డు, ఒక పక్క చీనీకాయల కుప్ప, ఒక పక్క అరటిగెలలు, మధ్యలో కాటా. షాకీర్ కుర్చీలో ఉన్నాడు. కాయల డబ్బా మీద, చంకకర్రలు పక్కన పెట్టుకుని ఖలందర్ కూర్చున్నాడు. గడ్డంలో నెరుపు వచ్చింది. సత్తార్‌ను చూసి లేవబోయాడు, ఏమనుకున్నాడో మళ్ళీ కూర్చున్నాడు.

"రా సాబ్. పిలిపించినా ఈయప్పను కూడా. నీ ఎదురుగానే అడుగుదామని," అన్నాడు షాకీర్. "చెప్పు. తాగుతాడా, తాగడా?"

సత్తార్ కూర్చోలేదు. సంచిలోంచి పుస్తకం తీశాడు.

"తాగడు. ఎన్నడూ తాగలేదు. ఎనిమిదేండ్ల కిందట ఇదే తేదీన నిర్మలమ్మ ఫ్యాక్టరీలో లారీకి బండలు ఎత్తుతాంటే కాలు పోయింది. నేను కండ్లారా చూసినా. నా ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చినా."

"మరి కేసు కొట్టేసిరి గదా?"

"నా వల్ల. బండలు పోకముందే అమ్మినట్టు మార్చిలో రాసినా. ఎత్తకముందే కూలి కూడా ఇచ్చి మార్చిలోనే రాసినా. ఈయన చేత నేనే సంతకం పెట్టించినా. ఆసుపత్రిలో ఇంటి దగ్గర పడిందని చెప్పింది నేనే. అధికారి అడిగితే పుస్తకంలో లేదంటి. ఇదో, ఆ పుస్తకం. ఏప్రిల్ రెండు కాగితం ఖాళీగా ఉండాది, చూడు."

షాకీర్ పుస్తకం తీసుకుని పేజీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తరవాత, "మొన్న నాకు వడగండ్ల కథ చెప్పినావే సాబ్," అన్నాడు. ఎకసెక్కంగా అనలేదు.

"ఆ కథ నాకు బాగా తెలుసప్పా. అందుకే చెప్పినా. నీ లెక్కలు ఇంకొకరి దగ్గర రాయించుకుంటానంటే నీ పుస్తకాలు రేపే పంపిస్తా."

"ఆ సంగతి మల్ల చూద్దాం," అన్నాడు షాకీర్.

సత్తార్ పెన్ను తీశాడు. ఖాళీ పేజీ మీద, పాత తేదీ కింద రాయబోయి ఆగాడు. ఇప్పుడు రాసి అప్పటి తేదీ వేస్తే అది ఇంకో దొంగరాత. అందుకని ఉన్నదున్నట్టు రాశాడు: రెండు వేల పదహారు ఏప్రిల్ రెండున ఖలందర్ లోడింగ్ పనిలో ఉన్నాడు, పనిలోనే కాలు పోయింది. ఆ రోజు రాయనిది నేను. ఇది రెండు వేల ఇరవై నాలుగు ఏప్రిల్ రెండున రాస్తున్నాను. కింద సంతకం చేసి, పేజీ చించి ఖలందర్ చేతికిచ్చాడు.

ఖలందర్ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివినాక రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"దీన్ని అఖ్తర్ బీకి చూపిస్తా. వాళ్ళన్నలు ఇప్పటికీ నన్ను తాగుబోతనే అంటారు," అన్నాడు. జేబు తడుముకుని, "ఆ పొద్దు కడపలో చెప్పింటే రెండు మాటలు సాబ్. జరిగింది సార్, అంటే అయిపోయిండె," అన్నాడు.

సత్తార్ జేబులోంచి కవరు తీశాడు. ఐదు వేలు. నెలనెలా తెస్తానన్నాడు. తన దగ్గర ఉన్నది అంతే, పెద్ద మొత్తం తేలేనన్నాడు.

"ఇది దేనికి సాబ్?"

"నీకు రావాల్సిన దాంట్లో."

"నాకు రావాల్సింది నువ్వు ఇయ్యలేవు సాబ్. నెలకు ఐదు వేలంటే పదకొండేండ్లు దాటతాది. పెట్టుకో."

షాకీర్ ఖలందర్ వైపు తిరిగాడు. రేపటి నుంచి వచ్చి కాటా కాడ కూర్చోమన్నాడు, నెలకు తొమ్మిది వేలు. పండగ దగ్గరికొచ్చింది కదా అని బనియన్ జేబులోంచి మూడు వేలు తీసి, చీటీ పుస్తకం ముందుకు తోశాడు. "జీతంలో పట్టుకో. ఈడ సంతకం పెట్టు."

ఖలందర్ చెయ్యి చాపలేదు. చీటీ పుస్తకం వైపు కూడా చూడలేదు.

"పని చేసినాక ఇయ్యన్నా. పండగ ఎట్లోగట్ల గడుస్తాది. చెయ్యని పనికి సంతకం పెట్టేది ఇంగ నాతో కాదు."

షాకీర్ నోట్లు వెనక్కి పెట్టుకున్నాడు. సత్తార్ చీనీకాయల కుప్ప వైపు తిరిగి నిలబడ్డాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు. ఆ షెడ్డులో తన దగ్గర లెక్కలు నిజంగా నేర్చుకున్నవాడు ఒక్కడే ఉన్నాడని ఆయనకు తెలిసింది. నేర్పినందుకు ఆ మనిషి కట్టిన ఫీజు ఎంతో కూడా తెలుసు.

పొద్దు గూకింది. బజారు వైపు మసీదులో ఉపవాసం విడిచే బాంగు అయింది. ఖలందర్ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. ఖర్జూరాలు మూడే ఉన్నాయి. తలా ఒకటి ఇచ్చాడు. సత్తార్ దాన్ని చేతిలో పట్టుకుని నోట్లో పెట్టుకోలేకపోయాడు.

"ఖలందరూ, రంజాన్ నెల. మాఫీ చెయ్యి నన్ను."

ఖలందర్ తన ఖర్జూరం తిని, గింజ తీసి కాగితంలో పెట్టి, నీళ్ళు తాగాడు. సీసా సత్తార్‌కు అందించాడు.

"అది నాకింగా రాలేదు సాబ్. రానిది వచ్చినట్టు నువ్వు రాసుకోవద్దు. వచ్చిన దినం నేనే ఫోన్ చేసి చెప్తా."

సత్తార్ తల ఊపాడు. ఖర్జూరం తిన్నాడు, నీళ్ళు తాగాడు. ఫోన్ నంబరు ఒక కాగితం మీద పెద్ద అంకెలతో రాసి ఇచ్చాడు. ఖలందర్ దాన్ని మడిచి ఆ పేజీతో పాటే జేబులో పెట్టుకున్నాడు.

ప్రొద్దుటూరు బస్సు ఏడుంపావుకు కదిలింది. కిటికీ పక్కన కూర్చుని సత్తార్ ఫోను బయటకు తీసి, ఛార్జింగ్ ఎంత ఉందో చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.